బీరువాలోని బ్యాడ్జిని మా కోడలి కోటుకు పెట్టించుట గురించి

రేడియేషన్ భద్రతాధికారి గారి సముఖమునకు, ఒక రిటైరైన బస్సు కండక్టరు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ప్రభుత్వ ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో పిల్లలను కదలకుండా పట్టుకొను పనియందున్న మా కోడలు గర్భవతి అయినందున ఆమెను వేరొక పనికి మార్చుట గురించియు, ఆమె పేర ఉన్న బ్యాడ్జిని ఇనుప బీరువా నుండి విడుదల చేయించుట గురించియు.

సూచిక: నా మొదటి అర్జీకి తమ కార్యాలయము వారు పంపిన ఒక పేజీ సమాధానము. (అందులో సగం పేజీ తమ చిరునామాయే.)

పై విషయమును పురస్కరించుకొని విన్నవించుకొనునది ఏమనగా, నేను ఉద్యోగమున్నంత కాలమూ "ముందుకు జరగండి, ముందుకు జరగండి" అని అరిచినవాడను. కాగితము మీద అరుచుట నాకు చేతకాదు. కనుక తమ కార్యాలయపు భాషలోనే, వరుస నంబర్లు వేసి, మర్యాదగా వ్రాయుటకు ప్రయత్నించుచున్నాను. మధ్యలో ఎక్కడైనా మర్యాద తప్పినచో అది నా నోటిదురుసుగా భావించి మన్నించవలెను. పూర్తిగా తప్పినచో మన్నించనక్కరలేదు.

1. నా భార్య సదరు ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో చిరకాలము ఆయాగా పనిచేసినది. గది ఊడ్చుట, తుడుచుట, రోగులను బల్ల ఎక్కించుట, దించుట ఆమె పనులని ఉత్తర్వులో ఉన్నది. ఉత్తర్వులో లేని పని ఒకటి ఉన్నది. చెయ్యి విరిగిన పసివాడిని బల్ల మీద పడుకోబెట్టి "కదలకు, ఊపిరి ఆపు" అనినచో వాడు ఊపిరి ఆపడు, గుక్కపట్టి ఏడ్చును, కాళ్ళు తాటించును. ఎవరో ఒకరు పట్టుకొనవలెను. తల్లిని పట్టుకోమంటే ఆమె పిల్లవాడికంటే ఎక్కువ ఏడ్చును. అందుచేత ఎక్స్‌రే తీయు ఆయన తల్లులను బయటకు పంపించెడివారు. రోజంతా ఆయన నోట ఆ ఒక్క మాటే కనుక ఆసుపత్రిలో అందరూ ఆయనను ఊపిరాపు అందురు. నేనును అట్లే వ్రాయుదును.

"అమ్మా, నువ్వు బయట కూర్చో. లోపలుంటే రేడియేషన్ తగుల్తుంది, నీకు మంచిది కాదు," అని తల్లితో చెప్పేవాడు ఊపిరాపు. తలుపు వేసేవాడు. తాను అద్దం గోడ వెనక్కి వెళ్ళేవాడు. అక్కడి నుంచి మా ఆవిడతో, "ఆయమ్మా, గట్టిగా పట్టుకో," అనేవాడు.

తల్లికి మంచిది కానిది ఆయమ్మకు ఎలా మంచిదైందో ఆ గదిలో ఎవరికీ తట్టలేదు. మా ఆవిడకూ తట్టలేదు. పైగా ఆమెకు గర్వం. ఆయమ్మ చెయ్యి పడితే ఎంతటి మొండి పిల్లవాడైనా ఊరుకుంటాడని పేరు. ఇంటికొచ్చి చెప్పుకునేది: "ఇవాళ ఒకడు నా చెయ్యి కొరికేశాడు. కొరికి, నా మొహం చూసి, వాడే భయపడి నోరు మూసుకున్నాడు." ఆ మాటకు ఇద్దరం నవ్వుకున్నాం. అప్పట్లో మా ఇంట్లో నవ్వడానికి ఆ గది కబుర్లే ఎక్కువ.

2. సదరు గదిలో తీసిన ఫిల్ములను పరిశీలించినచో అనేక ఫిల్ములలో పిల్లల ఎముకల పక్కన ఒక పెద్ద మనిషి వేళ్ళ ఎముకలు కనబడును. అవి నా భార్యవి. పిల్లవాడు గింజుకొన్నప్పుడు ఆమె చెయ్యి జరిగి మిషను కిందికి వచ్చును. అట్లు వచ్చినప్పుడు ఊపిరాపు అద్దం వెనుక నుండి "ఆయమ్మా, మళ్ళీ నీ వేళ్ళు పడ్డాయి, ఇంకోసారి తీయాలి," అని విసుగుకొనెడివాడు. ఇంకోసారి తీసెడివాడు. ఇంకోసారి పట్టుకొనెడిది.

మా వీధిలో సైకిళ్ళు బాగుచేసే ఆయన కూతురు చిన్నప్పుడు పడి మోచెయ్యి విరగ్గొట్టుకుంది. ఆ ఫిల్మును వాళ్ళు దాచి ఉంచారు. అడిగి తెచ్చి ఈ అర్జీకి జతపరిచాను. కిటికీకి ఎదురుగా పట్టుకొని చూడండి. మోచేతికి ఎడమపక్క అడ్డంగా కనబడేవి మా ఆవిడ చూపుడువేలు, నడిమివేలు. ఆ రెండు వేళ్ళూ ఇప్పుడు ఈ ఫిల్ములో తప్ప ఇంకెక్కడా లేవు. చూసిన తర్వాత ఫిల్మును పారవేయక తిప్పి పంపవలెనని ప్రార్థన. ఆ పిల్లకు పెళ్ళి సంబంధాలు చూస్తున్నారు, చెయ్యి బాగానే అతుక్కుందని చూపించుకోవాలట.

3. నా భార్యకు మొదట గోళ్ళ మీద నిలువు గీతలు వచ్చినవి. తరువాత వేళ్ళ చివర చర్మము ఎండి, నల్లబడి, పగిలినది. ఆసుపత్రిలోనే ఏవో పూతమందులు ఇచ్చినారు. పుండు మానలేదు. పెద్దాసుపత్రికి తీసుకొనిపోగా ముక్క తీసి పరీక్షించి, రెండు వేళ్ళు తీసివేసినారు. తరువాత చంకలో గడ్డ తేలినది. ఇప్పటికిని వైద్యము జరుగుచున్నది.

ఈ సంగతి వివరించి నేను పంపిన మొదటి అర్జీకి తమ సమాధానము ఇట్లున్నది: "సదరు వ్యాధి రేడియేషన్ వలననే కలిగినట్లు ఆధారము లేదు. ఆమె బ్యాడ్జి రీడింగులు ఆద్యంతము సున్నా. గృహకృత్యములందు వాడు సబ్బులు, సోడాల వలన కూడ చేతులకు చర్మవ్యాధులు కలుగుట కద్దు."

అయ్యా, మా ఇంట్లో గిన్నెలు తోమేది నేను. పెళ్ళైన కొత్తలో మా ఆవిడ వేసిన డ్యూటీ, ఇంతవరకూ రిలీవర్ రాలేదు. బట్టలు ఉతికేదీ నేనే. నా వేళ్ళు పదీ ఉన్నాయి, కావాలంటే వచ్చి లెక్కపెట్టుకోండి.

నేను డాక్టరును కాను. ఆ గది వల్లే పోయాయని ఒట్టు వేసి చెప్పలేను. పెద్దాసుపత్రి డాక్టరమ్మ గారు మాత్రం మా ఆవిడ చెయ్యి తిప్పి తిప్పి చూసి, ఏం పని చేసేదానివని అడిగారు. విన్నాక రెండో చెయ్యి కూడా చాపమన్నారు. తర్వాత, "ఇలాంటి చేతులు పాత పుస్తకాల్లో బొమ్మలుగా చూశానమ్మా. మనిషికి ఉండగా చూడటం ఇదే మొదటిసారి," అన్నారు. మా ఆవిడకు అది మెచ్చుకోలులా వినిపించి, "అవునా అమ్మా," అని నవ్వింది. నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను.

4. ఇక సున్నా గురించి.

ఈ బ్యాడ్జి అనునది ఎక్స్‌రే గదిలో పనిచేయువారు ఛాతీకి పెట్టుకొను చిన్న బిళ్ళ. మనిషికి తగిలినంత దానికీ తగులును. కొన్ని నెలలకొకసారి దానిని తమ కార్యాలయమునకు పంపినచో ఎంత తగిలినదో చదివి చెప్పెదరు. మా కండక్టర్ల భాషలో చెప్పాలంటే అది టికెట్ల మిషను వంటిది. ఎందరు ఎక్కారో చెబుతుంది, ఎక్కేవాళ్ళను ఆపదు. ఇది తమకు తెలిసిన విషయమే. నాకే ఆలస్యంగా తెలిసింది కనుక రాస్తున్నాను.

ఎన్నో ఏళ్ళ క్రితం ఆ ఆసుపత్రిలో ఒక బ్యాడ్జి పోయినది. ఎవరిదో కోటుతోబాటు చాకలికి వెళ్ళి తిరిగి రాలేదు. ప్రభుత్వపు సొత్తు పోయినందుకు సంజాయిషీ ఇమ్మని పైనుండి కాగితము వచ్చినది. అప్పటి సూపరింటెండెంటు గారు బెదిరిపోయి, ఇకపై బ్యాడ్జిలన్నియు స్టోరుకీపరు వద్ద ఇనుప బీరువాలో ఉండవలెననియు, తమకు పంపు రోజున మాత్రమే బయటకు తీయవలెననియు ఉత్తర్వు వేసినారు. ఆ సూపరింటెండెంటు గారు వెళ్ళిపోయి చాలాకాలమైనది. ఉత్తర్వు వెళ్ళలేదు.

స్టోరుకీపరు మంచివాడే. దొంగ కాదు, లంచగొండి కాదు. నేను స్వయంగా వెళ్ళి అడిగాను.

"బాబూ, మా కోడలి బ్యాడ్జి దాని కోటుకు పెట్టుకోనివ్వచ్చు కదా?"

"పోతే ఎవరిది పూచీ?"

"అది పెట్టుకోవడానికే కదా ఇచ్చింది?"

"పెద్దాయనా, నా చేతికొచ్చాక ఒక్కటి పోలేదు. ఒక్కటంటే ఒక్కటి. అడుగు ఎవర్నైనా." బీరువా తలుపు తెరిచి చూపించాడు. ఒక్కో బ్యాడ్జికీ ఒక్కో ప్లాస్టిక్ సంచి. సంచి మీద పేరు. పక్కన కలరా ఉండలు కూడా వేశాడు, పురుగు పట్టకుండా. నాకు ఏడుపొచ్చింది, ఆయనకేమో మెచ్చుకుంటున్నానని అనిపించినట్టుంది.

ఆ స్టోరు భవనానికి ఈ చివర, ఎక్స్‌రే గది ఆ చివర. ఆసుపత్రి మొత్తంలో రేడియేషన్ సోకని చోటు ఏదైనా ఉంటే అది ఆ బీరువాయే. ఆ బీరువాలో దాక్కున్న బ్యాడ్జిలకు సున్నా వచ్చిందని తమ కార్యాలయం వారు 'ఆదర్శ భద్రత' అని ఒక పత్రం ఇచ్చారు. అద్దం బిగించి సూపరింటెండెంటు గారి తల వెనక తగిలించారు. న్యాయంగా ఆ పత్రం బీరువాకు రావాలి.

5. అదే బీరువాలో సీసం పొదిగిన ఆప్రాన్ కూడా ఒకటి కలదు. పిల్లలను పట్టుకొనువారు వేసుకొనుటకు అది ఇవ్వబడినది. సాయంత్రము దానిని స్టోరుకీపరు నాలుగు మడతలు పెట్టి, అరచేత్తో అదిమి, లోపల పెట్టి తాళము వేయును. ఇస్త్రీ చేసిన చొక్కా కూడా అంత పొందికగా ఉండదు. పెద్దాసుపత్రిలో ఇటువంటివి కొయ్యకు వేలాడదీసి ఉండుట చూచి అక్కడి అమ్మాయిని అడిగితిని.

"మడత పెట్టకూడదు తాతగారూ. మడత పడ్డచోట లోపల సీసం పగిలిపోతుంది. పైకి కనబడదు," అంది ఆ పిల్ల. ఆమె ఛాతీ మీద బ్యాడ్జి ఉంది. అక్కడ పిల్లలను పట్టుకునేది ఇంటివాళ్ళే, వాళ్ళకూ ఆప్రాన్ తొడుగుతున్నారు. స్టాఫు ఎవరూ పట్టుకోరట, అది రోజూ చేసే పని కాకూడదట. ఇదేమీ చంద్రమండలం కాదు. మా ఊరి నుంచి ఒక్క బస్సు, మధ్యలో మారక్కర్లేదు.

మన ఆసుపత్రి ఆప్రాన్‌ను మధ్యకు మడిచే మడత, అది వేసుకున్న మనిషికి సరిగ్గా కడుపు మీద వస్తుంది.

6. తమరు క్రిందటి ఏడు తనిఖీకి వేంచేసినారు. తమకు జ్ఞాపకముండకపోవచ్చును, ఆ ఆసుపత్రికి బాగుగా జ్ఞాపకమున్నది. ఆనాడు ఉదయమే బ్యాడ్జిలు బీరువా నుండి వెలువడినవి. అందరూ గ్రూపు ఫొటోకు నిలబడినట్లు ఛాతీకి పెట్టుకొని నిలబడినారు. తమరు కొలిచే మిషనుతో ఎక్స్‌రే గదిలోకి వచ్చినారు. గోడలు, తలుపు, అద్దము, బల్ల అన్నియు కొలిచినారు. ముల్లు కదలలేదు. "చాలా బాగుంది," అని సెలవిచ్చినారు.

ఎక్స్‌రే మిషను ఆపి ఉన్నది. ఊపిరాపు నాతో చెప్పిన మాట ఇది: "వేద్దామనే అనుకున్నానండీ. సూపరింటెండెంటు గారు వద్దని సైగ చేశారు. ఆఫీసరు గారు లోపలున్నారు కదా, వేస్తే ఆయనకు తగుల్తుందని."

తమరి ఆరోగ్యం పట్ల వాళ్ళకున్న శ్రద్ధలో వీసమెత్తు మా ఇంటి ఆడవాళ్ళ పట్ల ఉంటే ఈ కాగితం ఖర్చు తప్పేది.

7. గది బయట ఎర్ర బల్బు. మిషను నడుచునప్పుడు మాత్రమే వెలుగవలెను. ఎవరో మహానుభావుడు దానిని ఫ్యాను స్విచ్చికి కలిపినాడు. ఉక్కపోతగా ఉన్న రోజున పొద్దుటి నుండి సాయంత్రము వరకు వెలుగును, చల్లగా ఉన్న రోజున వెలుగనే వెలుగదు. ఆ బల్బు క్రిందనే గర్భిణులు వరుసలో కూర్చొను బల్ల ఉన్నది. తలుపు ఉబ్బి సరిగ్గా మూసుకొనదు, సందు ఉన్నది. ఇంతకుమించి దీని గురించి వ్రాయుటకు నాకు ఓపిక లేదు.

8. మా కోడలు.

నా భార్యకు చేతి పుండుతో పని చేతకానప్పుడు, ఇంకా అది పుండే అనుకుంటున్న రోజుల్లో, సూపరింటెండెంటు గారు దయతలచి ఆ పనిని మా కోడలికి ఇప్పించినారు. నా భార్యది జీవితమంతా రోజుకూలీయే. కోడలిది పర్మనెంటు. దానితో ఆరోగ్య కార్డు వచ్చినది. ఆ కార్డు మీద ఇంటిల్లిపాదికీ వైద్యము జరుగును. నా భార్యకు ఇప్పుడు జరుగుచున్న వైద్యమంతయు కోడలి కార్డు మీదనే. మా అబ్బాయి లారీ మీద పోతాడు, వారాల తరబడి రాడు, వాడికి కార్డులూ గీర్డులూ లేవు.

తమరికి ముడి అర్థమైందనుకుంటాను. ఆ గది అత్త చేతిని తింది. ఆ చేతికి మందు కోడలి ఉద్యోగం మీద వస్తోంది. ఆ ఉద్యోగం ఆ గదిలోనే. ఇప్పుడు కోడలికి ఐదో నెల.

కడుపుతో ఉన్నానని చెప్పుకొని వేరే పని అడగడానికి అది సూపరింటెండెంటు గారి దగ్గరికి వెళ్ళింది. నేను గుమ్మంలో నిలబడ్డాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

"శుభం. నీ రీడింగు ఎంతుందో చూద్దాం," అన్నారాయన. కాగితాలు తెప్పించి చూశారు. "ఇదిగో, సున్నా! ఇంతకంటే తక్కువ ఎవరికన్నా ఉంటుందా? హాయిగా చేసుకో."

"సార్, అది బీరువాలో ఉంటుంది సార్. నా మీద ఉండదు."

"మరి పోలేదుగా?"

"పోలేదు సార్."

"అదీ సంగతి." కాగితాలు మూసేశారు. "అందరూ పని మార్చమంటే పిల్లల్ని ఎవరు పట్టుకుంటారు చెప్పమ్మా?"

అయ్యా, అది కోపిష్టి మనిషి కాదు. వాదించడం రాదు. "అవును సార్," అని వచ్చేసింది. దారిలో నాతో, "పాపం ఆయన మాత్రం ఏం చేస్తారు మామయ్యా, మనుషుల్లేరు," అంది. ఎవరి మీదా కోపం తెచ్చుకోని మనుషులను చూస్తే నాకు ఈమధ్య ఒళ్ళు మండుతోంది.

ఇంట్లో అత్తాకోడళ్ళకు రోజూ ఇదే తగాదా. ఈ తగాదా తమ రికార్డులో ఉండవలెనని వ్రాయుచున్నాను.

"నువ్వు మానెయ్యవే తల్లీ. నా సంగతి వదిలెయ్."

"మానేస్తే మీ మందులు ఆగిపోతాయి అత్తయ్యా."

"ఆగితే ఆగాయి. ఎనిమిది వేళ్ళ ముసల్దానికి మందులెందుకు?"

"ఎనిమిదితోనే నన్నింత సతాయిస్తున్నారు. పదీ ఉన్నప్పుడు మామయ్య ఎలా వేగారో!"

ఇద్దరూ నవ్వుతారు. ఆ తర్వాత మా ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంటుంది. కోడలు వంటగదిలోకి పోయి చాలాసేపు బయటకు రాదు. నేను గిన్నెలు తోముతాను. పుట్టబోయే బిడ్డకు ఏమీ కాకపోవచ్చు. చాలామందికి ఏమీ కాదట, డాక్టరమ్మ గారే చెప్పారు. కానీ ఎంత తగులుతోందో తెలిస్తే కదా కాదు అనుకోవడానికి. చెప్పే ఒక్క బిళ్ళనూ కలరా ఉండల మధ్య పడుకోబెట్టారు. మా ఆవిడ చేతికి రుజువేదని తమరు అడిగారు. రుజువును ఆసుపత్రి ఉత్తర్వే బీరువాలో పెట్టి తాళం వేసింది. రేపు పుట్టే బిడ్డ విషయంలో కూడా తమరు అదే మాట అంటారు, అదే సున్నా చూపిస్తారు. నాకు భయంగా ఉంది. ఇన్ని నంబర్లు వేసి రాసింది ఈ ఒక్క మాట కోసమే. నాకు చాలా భయంగా ఉంది.

కావున తమరు దయయుంచి:

అ) మా కోడలిని ప్రసవమగు వరకు ఆ గది నుండి తప్పించి, ఉద్యోగమునకును కార్డునకును భంగము లేకుండ వేరొక పని ఇప్పించవలెను. పరుపులు కుట్టుట, చీటీలు వ్రాయుట, గేటు వద్ద కూర్చొనుట, ఏదైనను చేయగలదు.

ఆ) బ్యాడ్జిలు మనుషులు పెట్టుకొను వస్తువులని స్టోరుకీపరుకు వ్రాతపూర్వకముగా తెలియజేయవలెను. నోటిమాటగా చెప్పినచో ఆయన నమ్మడు.

ఇ) కొత్త ఆప్రాన్లు, వాటితోబాటు ఒక కొయ్య ఇప్పించవలెను. కొయ్య తప్పనిసరి. అది లేనిచో కొత్తవి కూడ మడత పడును.

ఈ) పిల్లలను పట్టుకొనుట ఏ ఒక్కరి ఉద్యోగమూ కాకుండ, వారి వారి ఇంటివారు ఆప్రాన్ వేసుకొని పట్టుకొనునట్లు ఏర్పాటు చేయవలెను. తల్లి ఏడ్చినచో ఏడ్వనివ్వవలెను.

ఈ అర్జీని తమరు సావకాశముగా చిత్తగించవలెను. చిత్తగించినట్లు ముద్ర కొట్టి పక్కన పెట్టుట చిత్తగించుట కాదని కూడ చిత్తగించవలెను.

ఇట్లు,
ఇంతవరకు తమ విధేయుడు,
ఆయమ్మ భర్త

జతపరచినవి: ఎక్స్‌రే ఫిల్ము ఒకటి (తిప్పి పంపవలెను).

తా.క. ఈ అర్జీ పద్ధతి ప్రకారం సూపరింటెండెంటు గారి ద్వారా రావాలన్నారు. సంతకం కోసం వెళ్ళి ఆ ఎర్ర బల్బు కింది బల్ల మీద కూర్చున్నాను. అంతలో కాలు విరిగిన పిల్లవాణ్ణి తీసుకొచ్చారు. ఊపిరాపు మా కోడలిని పిలిచాడు. అది లేచి ఆప్రాన్ కట్టుకుంటోంది, మడత కడుపు మీద పడింది, పొట్ట పెరిగింది కదా, ముడి అందడం లేదు. చూస్తూ కూర్చోలేకపోయాను. లోపలికి పోయి దాని మెడలోంచి ఆ ఆప్రాన్ తీసేసి నేను వేసుకున్నాను.

"మామయ్యగారూ, బయటివాళ్ళు పట్టుకోకూడదండీ," అన్నాడు ఊపిరాపు. "రోగి తాలూకు మనిషైతేనే కుదురుతుంది."

"అయితే రాసుకో. వీడికి తాతను."

ఊపిరాపు పిల్లవాడి తల్లి వైపు చూశాడు. ఆమె నన్ను ఎన్నడూ చూసి ఎరగదు. కోడలి పొట్ట వైపు చూసింది. "అవును, తాతే," అంది.

అప్పటి నుంచి రోజూ వెళుతున్నాను. వచ్చిన ప్రతి పిల్లవాడికీ, ప్రతి పిల్లకూ తాతనని రాస్తున్నారు. కోడలు వరండా చివర కూర్చుని ఉంటుంది. సూపరింటెండెంటు గారు ఒకసారి తొంగిచూసి, "సేవాభావం," అని వెళ్ళారు, సంతకం మాత్రం పెట్టలేదు, అందుకే నేరుగా తమకే పంపుతున్నాను. దీంతో సమస్య తీరినట్టు తమరు రాసి పంపుతారేమోనని ముందే చెబుతున్నాను, తీరలేదు. నేను ఒకరోజు జ్వరంతో పడుకుంటే కోడలు మళ్ళీ లోపలే. నా గురించి జాలిపడకండి. ఇది ఎన్నో ఏళ్ళకు గానీ బయటపడని రోగమట. అది వచ్చేలోపు నేను నా స్టాపులో దిగిపోతాను.

మా ఆవిడే నేర్పింది ఎలా పట్టుకోవాలో, పడుకున్న చోటి నుంచే, ఆ చేత్తోనే చూపించి. "మణికట్టు దగ్గర బిగించకు, భయపడతారు. మోచేతి కింద చెయ్యి వెయ్యి. చెవి దగ్గర ఏదో ఒకటి గొణుగుతూ ఉండు." నాకు జోలపాటలు రావు. బస్సు స్టాపులు గొణుగుతాను. మార్కెట్టు, కోర్టు, పోస్టాఫీసు, రైలుస్టేషను. నిన్న ఒకడు రైలుస్టేషను దగ్గర ఏడుపు ఆపేశాడు.

కానీ ఒక్కడి వల్ల కావడం లేదు. చేతులు పట్టుకుంటే కాళ్ళు తంతారు, కాళ్ళు పట్టుకుంటే చేతులు లాగేసుకుంటారు, ఫిల్ము చెడుతుంది, మళ్ళీ తీయాలి, పిల్లవాడికి మళ్ళీ తగులుతుంది. మా ఆవిడ ఒక్కతే ఇన్నేళ్ళు ఎలా పట్టుకుందో నాకు అర్థం కావడం లేదు. ఇంకో మనిషి కావాలి. ఎవరినడిగినా భయమంటున్నారు, ఆ గది సంగతి ఇప్పుడు అందరికీ తెలిసింది. తమరికి మాత్రం భయం ఉండనక్కర్లేదు, అక్కడ అంతా సున్నా అని రాసింది తమరే కదా. రేపు పొద్దున్న గది తెరిచే వేళకు రండి. చేతులు నేను చూసుకుంటాను, కాళ్ళు తమరు పట్టుకుందురుగాని.